నాదస్వరం – వాదకుడు, వాద్యశిల్పి: రాజంపేట సీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

సారాంశం:

తెలుగులో నాదస్వర చరిత్ర ప్రధానంగా విద్వాంసుల చరిత్రగా వెలువడింది. గురుపరంపరలు, బిరుదులు, కచేరీలు అందులో నమోదయ్యాయి. ఆ విద్వాంసుల చేతిలోని గొట్టాన్ని తొలిచిన శిల్పి, దానికి పీక కట్టిన పనివాడు, కొయ్యనిచ్చిన అడవి ఆ చరిత్రలో అంతగా కనబడవు. కడప సీమలోని రాజంపేట పరిసరాలను ఆధారభూమిగా తీసుకొని, సంగీత కళానిధి షేక్ చినమౌలానా కళాజీవితాన్ని మధ్యలో నిలిపి, ఈ వ్యాసం వాదకుడికీ వాద్యశిల్పికీ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తుంది. తెలుగువారి తిత్తిని, ఐర్లండు దేశపు ఇలియన్ పైపును తులనాత్మకంగా చర్చిస్తుంది. వాద్యనిర్మాణ జ్ఞానం లేకుండా వాదన సంప్రదాయం ఒక్కటే స్వతంత్రంగా నిలబడలేదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నాదస్వరం, తిత్తి, షేక్ చినమౌలానా, నరసింగంపేట, నారేపి, ఎర్రచందనం, రాజంపేట, తాళ్లపాక.

1. ఉపోద్ఘాతం

రాజంపేటకు కూతవేటు దూరంలో తాళ్లపాక ఉంది. పదకవితా పితామహుడు అన్నమాచార్యుడు (1408–1503) పుట్టిన ఊరు అది. ఆయన సంకీర్తనలు, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుని రచనలు, మనుమడు చినతిరుమలాచార్యుని రచనలు రాగిరేకులపై చెక్కించబడి తిరుమలలో భద్రపరచబడ్డాయి. ఇరవయ్యో శతాబ్దంలో అవి వెలుగు చూశాక తెలుగు సాహిత్య చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం తిరిగి రాయవలసి వచ్చింది.

అయితే ఆ రేకుల్లో ఒక లోటు ఉంది. ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చెక్కి ఉంది. ఆ రాగంలో ఆ పదాన్ని ఎలా పాడేవారో తెలిపే స్వరలేఖనం మాత్రం లేదు. పాడేవారి గొంతులో అది ఉన్నంతకాలం రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. గొంతుల పరంపర తెగిపోయాక రాగం పేరు మిగిలింది, పాట పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఆ పదాలకు కొత్తగా స్వరరచన చేయవలసి వచ్చింది. నేడు లోకం పాడుకుంటున్న అన్నమయ్య పాటల్లో సాహిత్యం పదిహేనో శతాబ్దానిది, వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దానివి.

ఈ అనుభవం తాళ్లపాక సాహిత్యానికి మాత్రమే పరిమితమైనది కాదు. రాతకెక్కినది నిలిచి, చేతిలోనూ గొంతులోనూ ఉన్నది జారిపోవడం దక్షిణదేశపు సంగీత చరిత్రలో పలుచోట్ల కనిపిస్తుంది. వాద్యాల విషయంలో ఈ నష్టం మరింత తీవ్రం. పాటకు కనీసం సాహిత్యం మిగులుతుంది. వాద్యాన్ని చేసే పద్ధతికి ఏ రాగిరేకూ లేదు. నాదస్వర చరిత్రను ఈ దృష్టితో పరిశీలించడం అందుకే అవసరమవుతున్నది.

2. ఆలయం, ఊరేగింపు, మేళం

రాజంపేట చుట్టుపక్కల చెయ్యేటి తీరం ప్రాచీన ఆలయాల సీమ. నందలూరులో సౌమ్యనాథస్వామి ఆలయం, ఒంటిమిట్టలో కోదండరామాలయం, అత్తిరాలలో పరశురామాలయం, తాళ్లపాకలో చెన్నకేశవాలయం ఉన్నాయి. వైష్ణవమైనా శైవమైనా ఇలాంటి ఆలయాల నిత్యసేవలకూ ఉత్సవాలకూ మేళం తప్పనిసరి. మేలుకొలుపు నుంచి ఏకాంతసేవ వరకు సమయాన్ని ఊరికి తెలియజేసినది సన్నాయి. స్వామి వాహనమెక్కి వీధిలోకి వచ్చినప్పుడు ముందు నడిచేది మేళమే. పెళ్లిలో మాంగల్యధారణ వేళ "గట్టిమేళం" అన్న పిలుపు తెలుగు నుడికారంలో ఎంతగా కలిసిపోయిందో చెప్పనక్కరలేదు. ఆ క్షణంలో ఏ అపశ్రుతీ చెవిన పడకుండా కప్పేయడం మేళగాళ్ల బాధ్యత.

ఈ వాద్యానికి తెలుగులో పేర్లు పలు. చిన్నదానిని ముఖవీణ అన్నారు. సన్నాయి అన్నది జనవ్యవహారం. నాగస్వరం, నాగసరం అన్నవి పాత వాడుకలు. నాదస్వరం అన్నది ఇటీవలి కాలంలో స్థిరపడిన గౌరవనామం. దీనికి తోడు డోలు, తాళం, శ్రుతి పట్టే ఒత్తు కలిస్తే మేళం పూర్తవుతుంది. ఒత్తు ఊదే వ్యక్తి స్వరాలు మార్చడు. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో నిలిపిన గాలిని వదులుతూ, ఒకే స్వరాన్ని తెంపు లేకుండా గంటల తరబడి నిలుపుతాడు. మేళంలో అందరికంటే తక్కువ గుర్తింపు పొందిన శ్రమ ఇదే.

మేళాన్ని కులవృత్తిగా చేపట్టినవారు తెలుగునాట ప్రధానంగా ఇద్దరు: మంగళ్లు, అంటే నేటి వ్యవహారంలో నాయీబ్రాహ్మణులు, కోస్తా జిల్లాల్లో వీరితోపాటు దూదేకుల ముస్లిములు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల బృహద్గ్రంథంలో మంగళ్ల వృత్తుల మధ్య వాద్యవాదనం చోటు చేసుకుంది. గుడి ముందు వాద్యం మోగించే హక్కు ఉండి, సమాజంలో గౌరవస్థానం లేని స్థితి ఈ కుటుంబాలది. మంగళవాద్యం అని పేరు పెట్టి, దాన్ని పలికించేవారిని అరుగు కిందే నిలబెట్టిన చరిత్ర ఇది. నాదస్వరాన్ని అధ్యయనం చేసే ఏ రచనైనా ఈ వైరుధ్యాన్ని దాటిపోవడానికి వీల్లేదు.

3. తిత్తి: తెలుగువారి తోలుసంచి వాద్యం

ఒత్తు ఊదేవాడి శ్రమను తగ్గించే సాధనం ఒకటి తెలుగునాట పూర్వం నుంచీ ఉంది. దాని పేరు తిత్తి. మేకతోలును సంచిగా కుట్టి, ఒక మూల నుంచి గాలి ఊదడానికి గొట్టం, మరొక మూల నుంచి పీకతో కూడిన శ్రుతిగొట్టం అమరుస్తారు. సంచి నిండాక చంకలో నొక్కితే శ్రుతి నిరంతరంగా పలుకుతుంది. సంచిలోని గాలి అడుగంటేలోగా మళ్లీ ఊదుకోవచ్చు. భాగవతుల ప్రదర్శనల్లో, వీథినాటకాల్లో, భజనల్లో శ్రుతి కోసం దీన్ని వాడారు. హార్మోనియం, శ్రుతిపెట్టె వచ్చాక ఇది క్రమంగా తెరమరుగైంది. 1891లో కెప్టెన్ సి. ఆర్. డే లండన్‌లో ప్రచురించిన దక్షిణ భారత, దక్కను సంగీత వాద్యాల గ్రంథంలో శ్రుతి ఉపాంగం పేరుతో ఈ తరహా వాద్యం ప్రస్తావనకు వచ్చింది.

తిత్తి ఒంటరి వాద్యం కాదు. తోలుసంచిలో గాలి నిలిపి పీకలను పలికించే వాద్యాలు ఉత్తర భారతం నుంచి పశ్చిమాసియా, ఐరోపాల వరకు విస్తరించాయి. వాటిలో ఎక్కువ సంక్లిష్టమైన రూపం పొందినది ఐర్లండు దేశపు ఇలియన్ పైపు. ఐరిష్ భాషలో ఆ పేరు మోచేతికి సంబంధించినది. దీన్ని నోటితో ఊదరు. కుడిమోచేతి కింద కట్టుకున్న చిన్న కొలిమితిత్తి వంటి సాధనంతో గాలిని సంచిలోకి పంపుతారు. ఎడమ మోచేతితో సంచిని నొక్కుతారు. వేళ్లతో పలికించే ప్రధాన గొట్టం రెండు స్థాయిలు పలుకుతుంది. మూడు శ్రుతిగొట్టాలు ఆధారస్వరాన్ని నిలుపుతాయి. మణికట్టుతో తాకి పలికించే మరి మూడు మీటల గొట్టాలు స్వరసముదాయాన్ని అందిస్తాయి. వాదకుడు కూర్చునే వాయిస్తాడు. ఇది వీథి వాద్యం కాదు, గదిలో వినవలసిన వాద్యం.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. తోలుసంచి సూత్రం తెలిసిన తెలుగువారు దాన్ని శ్రుతికి మాత్రమే పరిమితం చేసి, రాగాన్ని నాదస్వరానికి ఎందుకు వదిలారు? సమాధానం పీకలో ఉందని భావించవచ్చు. సంచి వాద్యంలో పీక గొట్టం లోపల మరుగున ఉంటుంది. వాదకుడి పెదవి దాన్ని తాకదు. నాదస్వరంలో పీక పెదవుల మధ్యే ఉంటుంది. పెదవి ఒత్తిడి, శ్వాసబలం, రంధ్రాన్ని సగం పావు తెరిచే వేలు, ఈ మూడూ కలిసి ఒక స్వరాన్ని మరో స్వరంలోకి జార్చగలవు. కంపితం, జారు వంటి గమకాలు ప్రాణంగా గల సంగీతానికి పెదవికి అందని పీక చాలదు. ఇలియన్ పైపు వాదకులు వేళ్లతోనే జారుళ్లు, వేగవంతమైన అలంకారాలు సాధించారు గనుక ఇది సంపూర్ణ కారణం కాకపోవచ్చు. కాని సంగీత స్వభావమే వాద్యరూపాన్ని ఎంచుకుంటుందనడానికి తిత్తి, నాదస్వరాల మధ్య జరిగిన ఈ పనివిభజన మంచి ఉదాహరణ.

పీక ఎక్కడ ఉందన్నదానికి మరొక ఫలితం కూడా ఉంది. కొలిమితిత్తి గాలి పొడిగా ఉంటుంది. ఇలియన్ పైపు పీక తడవదు, జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నాదస్వరపు పీక నోటితడిలో నానుతుంది, త్వరగా అరుగుతుంది. అందుకే విద్వాంసుడి గొట్టానికి పీకల గుత్తి వేలాడుతూ ఉంటుంది. ఒక రాగం మధ్యలో పీక మార్చుకోవడం సభల్లో అందరూ చూసే దృశ్యం. నాదస్వర విద్వాంసుడు పీక చేసేవాడిపై నిత్యం ఆధారపడి ఉంటాడని ఆ గుత్తే చెబుతుంది.

4. కొయ్య, బరమా, పీక: నిర్మాణ విధానం

నాదస్వర నిర్మాణానికి దక్షిణదేశంలో ప్రసిద్ధ కేంద్రం తంజావూరు సీమలోని నరసింగంపేట. అక్కడి ఆచారి కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేస్తున్నాయి. 2022లో నరసింగంపేట నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

గొట్టానికి వారు వాడే కొయ్యను తమిళంలో ఆచ్చా అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు హార్డ్‌విక్కియా బైనాటా. తెలుగులో ఏపి, నారేపి అంటారు. ఇది భారతదేశపు కొయ్యల్లో మిక్కిలి బరువైన వాటిలో ఒకటి, నీటిలో మునిగేంత చిక్కనిది. పచ్చికొయ్య ఈ పనికి పనికిరాదు. తేమ ఆరే కొద్దీ కొయ్య ముడుచుకుంటుంది, పగుళ్లిస్తుంది. వెంట్రుకవాసి తేడా కూడా శ్రుతిని చెడగొట్టే పనిలో అది అంగీకరించదగినది కాదు. అందువల్ల శిల్పులు పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే స్తంభాలు, దూలాలు కొంటారు. ఎన్నో దశాబ్దాల పాటు ఎండకూ గాలికీ ఆరి, ఇక మారవలసినదేమీ లేని కొయ్య వారికి కావాలి. ఒక తరం ఇంటిని మోసిన దూలం మరో తరానికి రాగం పలుకుతుంది.

దూలాన్ని తగిన పొడవున కోసి, తరిమెన పట్టి, పైన సన్నగా కింద వెడల్పుగా గుండ్రంగా చేస్తారు. ఆ తర్వాత పొడవాటి బరమాలతో లోపల తొలుస్తారు. ఈ తొలుపు సమానమైన గొట్టం కాదు, పైనుంచి కిందికి క్రమంగా విప్పారే శంకువు. పెదవి దగ్గర ఎంత సన్నం, అడుగున ఎంత వెడల్పు, మధ్యలో ఆ విప్పారడం ఏ వేగంతో సాగాలి అన్న లెక్కలోనే వాద్యం మంచిచెడులు ఉంటాయి. ఈ లెక్క కాగితంపై కంటే శిల్పి వాడే బరమాల వరుసలో, అతని చేతి అలవాటులో ఉంటుంది.

గొట్టానికి ఏడు స్వరరంధ్రాలుంటాయి. అడుగున మరి అయిదు రంధ్రాలుంటాయి. వాటిని వేళ్లతో మూయరు. మైనంతో కొంత మూసి కొంత వదిలి శ్రుతిని సరిచూసుకుంటారు. చివర విప్పారిన గంట వంటి భాగాన్ని తమిళంలో అణసు అంటారు. పైన లోహపు చిన్న గొట్టం, దానిపై పీక అమరుతాయి. పీకను కావేరీ తీరపు రెల్లుజాతి కాడతో చేస్తారు. కాడను ఆరబెట్టి, ఉడికించి, అణచి, దారంతో బిగించి, చివరలను పలచగా చేస్తారు. తిరువావడుదురై ఈ పీకలకు పేరుపొందిన ఊరు.

శిల్పి చివరి పరీక్ష ఊది చూడటం. కనుక వాద్యశిల్పికి వడ్రంగం ఒక్కటే చాలదు, స్వరజ్ఞానం ఉండాలి. ఏ రంధ్రం ఎంత పైకి జరగాలో చెప్పేది కొలబద్ద కాదు, చెవి. ఈ జ్ఞానాన్ని వడ్రంగపు పనిగా మాత్రమే లెక్కగట్టడం వల్లనే వాద్యశిల్పి సంగీత చరిత్రకు వెలుపల ఉండిపోయాడు.

5. షేక్ చినమౌలానా: కరవది నుంచి శ్రీరంగం వరకు

తెలుగు నాదస్వర చరిత్రలో షేక్ చినమౌలానా స్థానం విశిష్టమైనది. ఆయన 1924 మే 12న నేటి ప్రకాశం జిల్లా కరవదిలో, తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా గల ముస్లిం కుటుంబంలో జన్మించారు. తండ్రి కాసిం సాహెబ్ వద్ద తొలి పాఠాలు నేర్చారు. తర్వాత చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు. చిలకలూరిపేట పరిసరాలు అప్పటికే తెలుగు నాదస్వరానికి పుట్టిల్లు వంటివి.

ఆయన అక్కడే ఆగి ఉంటే తెలుగు బాణీలో ఒక గొప్ప విద్వాంసుడిగా నిలిచి ఉండేవారు. తంజావూరు బాణీ, ముఖ్యంగా తిరువావడుదురై టి. ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) వాదనం ఆయనను బలంగా ఆకర్షించింది. కావేరీ సీమకు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద ఆ బాణీని అభ్యసించారు. చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుని సన్నిధిలో నాదస్వరసేవ చేసుకొంటూ, అయిదుపూటల నమాజును విడువని జీవితం ఆయనది. రెండింటి మధ్య పొంతన కుదర్చవలసిన అవసరం ఆయనకు ఎదురైనట్లు లేదు. సంగీతమే రెండింటినీ మోసింది.

1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఆయనను వరించాయి. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పి శిష్యులను తయారుచేశారు. 1999 ఏప్రిల్‌లో కన్నుమూశారు. మనుమలు కాసిం, బాబు ఆ పరంపరను కొనసాగించారు. పద్మశ్రీ పొందిన దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ ఆయన శిష్యులే. వారి శిక్షణలో కర్నూలు శారదా సంగీత కళాశాలకు కూడా భాగముంది. రాయలసీమ విద్యాసంస్థకూ కావేరీ తీరపు గురుకులానికీ మధ్య ఆ విధంగా ఒక బాట ఏర్పడింది.

చినమౌలానా వాదనంలో విమర్శకులు గుర్తించిన గుణాలు రెండు: విరామంగా సాగే రాగాలాపన, గాత్రానికి దగ్గరగా నడిచే కృతివాదనం. గొట్టం పెద్దది, ధ్వని వీథికి సరిపడేది. దానినుంచి సన్నని నాదాన్ని, ఒదిగిన గమకాన్ని రాబట్టడం శ్వాసపై అసాధారణమైన అదుపు ఉంటే తప్ప సాధ్యపడదు. అయితే ఈ గుణాలను ఆయన ప్రతిభకు మాత్రమే ఆపాదిస్తే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది. అలాంటి నాదానికి వీలిచ్చే గొట్టం అంతకు ముందే తయారై ఉంది.

6. టిమిరి నుంచి బారికి: వాదకుడు కోరిన మార్పు

పాతకాలపు నాదస్వరం పొట్టిది, హెచ్చు శ్రుతిది. దాన్ని టిమిరి అంటారు. ఊరేగింపుకు అది తగినది. నాలుగు వీథుల అవతలికి వినబడాలంటే హెచ్చు శ్రుతే కావాలి. ఇరవయ్యో శతాబ్దంలో నాదస్వరం వీథి నుంచి కచేరీ వేదికకు, రేడియోకు, గ్రామఫోను రికార్డుకు చేరింది. శ్రోత నడిచిపోయే జనంలో లేడు, ఎదురుగా కూర్చున్నాడు. ధ్వనివర్ధకం వచ్చాక దూరానికి వినిపించే భారం గొట్టానికి తగ్గింది. అప్పుడు పొడవైన, తగ్గు శ్రుతి గల బారి నాదస్వరానికి ప్రాధాన్యం పెరిగింది.

ఈ మార్పులో రాజరత్నం పిళ్ళై పేరు, నరసింగంపేట శిల్పి రంగనాథన్ ఆచారి పేరు కలిసే వినిపిస్తాయి. పాత గొట్టంలో శుద్ధమధ్యమాన్ని నికరంగా పలికించడం కష్టం. వాదకుడు పెదవినీ వేలినీ ప్రత్యేకంగా సర్దుకొని దాన్ని సాధించవలసి వచ్చేది. రంగనాథన్ ఆచారి రాజరత్నం పిళ్ళైకి చేసి ఇచ్చిన బారి గొట్టంలో శుద్ధమధ్యమం సహజంగా పలికే ఏర్పాటు కుదిరిందని నరసింగంపేట సంప్రదాయం చెబుతుంది. రాజరత్నం పిళ్ళై కీర్తికి మూలమైన తోడి రాగంలో మధ్యమం శుద్ధమధ్యమమే అన్న సంగతి ఇక్కడ గమనించదగినది. వాదకుడి మనసులోని రాగం శిల్పి బరమాను నడిపించింది. శిల్పి తొలిచిన గొట్టం ఆ రాగాన్ని తరువాతి తరాలకు సులభం చేసింది. చినమౌలానా అందుకున్న తంజావూరు బాణీ ఈ ఇద్దరి ఉమ్మడి ఫలం.

ఐర్లండులో ఇటువంటి మార్పే మరో మార్గంలో జరిగింది. ద్రోహెడా నుంచి అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వలసపోయిన టేలర్ సోదరులు పంతొమ్మిదో శతాబ్దం చివర అక్కడి పెద్ద నాటకశాలలకు సరిపోయేలా ఇలియన్ పైపును హెచ్చు శ్రుతితో, గట్టి ధ్వనితో కొత్తగా రూపొందించారు. గదివాద్యం సభావాద్యమైంది. నాదస్వరం గట్టిదనం నుంచి మృదుత్వం వైపు, ఇలియన్ పైపు మృదుత్వం నుంచి గట్టిదనం వైపు నడిచాయి. దిశలు వేరైనా రెండింటికీ కారణం ఒకటే: శ్రోత కూర్చునే చోటు మారింది, దానికి తగినట్లు శిల్పి తొలుపు మార్చాడు.

రెండు సంప్రదాయాల మధ్య కీలకమైన భేదం మరొకటుంది. ఐర్లండులో వాదకుడూ శిల్పీ తరచూ ఒక్కరే. డబ్లిన్‌కు చెందిన లియో రౌసమ్ (1903–1970) పైపులు చేసే కుటుంబంలో మూడో తరంవాడు. వాదకుడు, గురువు, నిర్మాత కూడా. విల్లీ క్లాన్సీ (1918–1973) వృత్తిరీత్యా వడ్రంగి, ఆ దేశపు అగ్రశ్రేణి వాదకుల్లో ఒకడు. వాదకులు అరుదైపోతున్న దశలో, 1968లో, పైపు వాదకులే ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘం వాదనంతోపాటు పీకలు చేయడం, గొట్టాలు తొలచడం కూడా నేర్పవలసిన విద్యలుగా స్వీకరించింది. 2017లో ఇలియన్ పైపు వాదనం యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది.

దక్షిణదేశంలో వాదనం ఒక కులానిది, కొయ్యపని మరొక కులానిది. వాదకుడు బరమా పట్టడు. శిల్పి సభలో ఊదడు. ఈ విభజన వల్ల నైపుణ్యం లోతుగా పెరిగిన మాట నిజం. కాని ఒక కొమ్మ ఎండితే రెండోదానికి తెలియకపోవడం కూడా దాని ఫలితమే. గురువు శిష్యుడికి తోడి నేర్పాడు, తోడిని మోసే గొట్టాన్ని గురించి నేర్పలేదు.

7. కొయ్యనిచ్చిన అడవి

ఈ చరిత్రలో రాజంపేట సీమకు మరొక విధంగా ప్రమేయం ఉంది. నరసింగంపేట శిల్పులు వెతికే ఆచ్చా, అంటే నారేపి, కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల మెట్ట అడవుల్లో సహజంగా పెరిగే చెట్టు. రైతుకు దాని నార తాళ్లకు, ఆకు పశువుల మేతకు, కొయ్య వ్యవసాయ పనిముట్లకు ఉపయోగపడింది. నాదస్వరంగా మారగల కొయ్యను ఈ సీమ ఎక్కువగా నాగలిగానే ఎరిగింది.

రాజంపేట అడవులకు లోకప్రసిద్ధి తెచ్చినది వేరొక చెట్టు, ఎర్రచందనం. శేషాచలం, పాలకొండ, వెలిగొండ శ్రేణుల్లో ఇది సహజంగా పెరుగుతుంది. దీనికి సంగీతంతో సంబంధముంది, అయితే ఆ సంబంధం తెలుగు సంగీతంతో కాదు. జపాను దేశపు మూడు తంత్రుల వాద్యం షామిసెన్‌కు మెడభాగాన్ని చేయడానికి అక్కడి శిల్పులు అత్యుత్తమంగా ఎంచే కొయ్య ఎర్రచందనమే. వారు దాన్ని కోకి అంటారు. బరువు, చిక్కదనం, తంత్రుల లాగుడుకు వంగని గుణం, తరంగాల వంటి పోగు దాని విలువను పెంచాయి. 1995 నుంచి అంతరించిపోయే జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడిక రెండో అనుబంధంలో ఎర్రచందనం ఉంది. దాని వ్యాపారంపై కట్టుబాట్లున్నాయి. అక్రమ నరికివేత, రవాణా ఈ ప్రాంతపు దైనందిన వార్తలుగా మారాయి. ఆ వార్తల్లో ఎర్రచందనం దుంగలుగా, టన్నులుగా, రూపాయలుగా కనిపిస్తుంది. అది ఎక్కడో ఒక వాద్యమై పలుకుతుందన్న స్పృహ అందులో ఉండదు.

ఈ రెండు చెట్లనూ పక్కపక్కన నిలిపి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. వాద్యసంప్రదాయం ఒక ప్రాంతంలో వేళ్లూనడానికి కొయ్య, గుడి, వాదకుడు ఉంటే చాలదు. రాజంపేట సీమలో కొయ్య ఉంది. మేళాన్ని కోరే ఆలయాలున్నాయి. మేళగాళ్ల కుటుంబాలున్నాయి. రాగాన్ని రేకుకెక్కించిన మహాకవి పుట్టిన ఊరే ఉంది. అయినా పేరుపొందిన గొట్టం కావేరీ తీరం నుంచి రావలసి వచ్చింది. కొయ్యను వాద్యంగా మార్చే చేతుల పరంపర అక్కడ పోషణ పొందింది. రాజాశ్రయం, మఠాల ఆదరణ, ఒకే సీమలో వాదకుల సాంద్రత, పీకకు కావలసిన రెల్లు అందుబాటు, ఇవన్నీ కలిసిన చోట శిల్పి నిలదొక్కుకోగలిగాడు. మెట్టసీమలో మేళగాడు పెళ్లిళ్ల రుతువుపై బతికాడు. అటువంటి ఆదాయం మీద ఒక వాద్యశిల్పి కుటుంబం నిలబడటం కష్టం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, నాదస్వర బాణీల చరిత్రను గొట్టం చరిత్ర నుంచి విడదీయలేము. టిమిరి నుంచి బారికి జరిగిన మార్పును విస్మరించి రాజరత్నం పిళ్ళైని గాని, ఆ బాణీని స్వీకరించిన చినమౌలానాను గాని సమగ్రంగా వివరించలేము. రెండవది, తిత్తి కనుమరుగైన తీరు నాదస్వరానికి హెచ్చరిక వంటిది. శ్రుతిపెట్టె వచ్చిన వెంటనే తిత్తితోపాటు దాన్ని కుట్టే విద్య, దాని పీక చేసే విద్య కూడా వెనుకబడిపోయాయి. మూడవది, ఐర్లండు అనుభవం ప్రకారం వాద్యం పునరుజ్జీవనం పొందాలంటే నిర్మాణవిద్య వాదనవిద్యతో సమానంగా బోధనలో చేరాలి.

తెలుగునాట నాదస్వరానికి బోధనశాలలు లేకపోలేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వర, డోలు పాఠశాలను నడుపుతున్నది. రాయలసీమలో సంగీత కళాశాలలున్నాయి. వీటి పాఠ్యక్రమంలో పీక కట్టడం, మైనంతో శ్రుతి సరిచేయడం, గొట్టపు తొలుపు కొలతలు తీసుకొని నమోదు చేయడం చేరితే రాగం నేర్చిన విద్యార్థికి తన చేతిలోని వస్తువు కూడా తెలుస్తుంది. పాత విద్వాంసుల ఇళ్లలో మూలపడి ఉన్న గొట్టాలను కొలిచి, వాటి శ్రుతిని, కొయ్యను, తెలిసినంతమేర శిల్పి పేరును నమోదు చేయడం పరిశోధకులకు తక్షణం సాధ్యమయ్యే పని. సంగీతం, చరిత్ర, వృక్షశాస్త్రం, భౌతికశాస్త్రం చదివినవారు కలిసి చేయదగిన క్షేత్రపరిశోధన ఇది. నారేపి వంటి నెమ్మదిగా పెరిగే చెట్టును అటవీ నాటకాల్లో వాద్యోపయోగ దృష్టితో కూడా పరిగణించడం దీర్ఘకాలిక అవసరం. పాత ఇళ్ల దూలాలు ఎల్లకాలం దొరకవు.

తాళ్లపాకవారి రాగిరేకులపై రాగం పేరు నేటికీ చదవవచ్చు. ఆ రాగంలో ఆనాడు పదం ఎలా నడిచిందో చెప్పగల గొంతు లేదు. నాదస్వరపు కొలతలు రాసిపెట్టుకోకపోతే రేపు దేవాలయాల మ్యూజియాల్లో గొట్టాలు కూడా అలాగే మిగులుతాయి: పేరు, కాలం, పొడవు రాసిన పట్టీతో, పలికించే పీక లేకుండా.